శుక్రవారం తీసిన రక్తం

“నాది ఇస్తనంటున్న గద, మధ్యల నీ లొల్లేంది?” బాలకిషన్ గొంతు హాల్లోంచి వంటింట్లోకి దూసుకొచ్చింది.

“మీకు షుగర్ ఉంది డాడీ. షుగరున్నోళ్ల కిడ్నీ ఎవ్వరికీ పెట్టరు. నాదే ఇస్త,” అన్నాడు సుమంత్. చెల్లెలి బట్టలు సంచిలో సర్దుతున్న అతని చేతులు ఆగలేదు.

“నీకు పెండ్లి గావాలె ఇంక. ఒక్క కిడ్నీ ఉన్నోనికి పిల్లనెవడిస్తడు?”

“రెండున్నప్పుడు మాత్రం ఎవడిచ్చిండు?”

ఇంకో రోజైతే ఆ మాటకు ఇల్లంతా నవ్వేది. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

కమల కడిగిన బియ్యం దోసిట్లో పట్టుకుని పొయ్యి ముందు నిలబడిపోయింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారి కుచ్చిళ్లు తడిసిపోతున్నా ఆమెకు తెలియడం లేదు.

నిన్న సాయంత్రం ఫోన్ వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరి గొంతులోకీ ముద్ద దిగలేదు. ఫోన్ చేసింది డాక్టర్ సింధూర. నాలుగు సర్కారు ఆఫీసులు కలిసి చేస్తున్న ఆరోగ్య పరిశోధనకు చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు ఆవిడే పెద్ద. “సంజన గారి రక్తం రిపోర్టు వచ్చిందండీ. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు. పెద్దాసుపత్రిలో మా తరఫున ఒక బెడ్ అట్టిపెట్టించాను. పొద్దున్నే బండి పంపిస్తాను, సిద్ధంగా ఉండండి,” అని చెప్పింది.

సంజన అప్పటి నుంచి కిటికీ దగ్గరే కూర్చుంది. మాటిమాటికీ బొటనవేలితో కాలి పిక్క మీద ఒత్తి, సొట్ట పడుతుందేమో చూసుకుంటోంది. అద్దంలో కళ్ల కింద తడుముకుంటోంది.

“నాకేం అనిపిస్తలేదమ్మా,” అంది వంటింటి వైపు తిరిగి. “ఇంత రోగమున్నోళ్లకు ఏదో ఒకటి అనిపియ్యాలె గద. నడుస్తున్న, తింటున్న, చదువుతున్న. వేలికెళ్లి తీసిన చుక్క రక్తంల ఇంత రోగం ఎట్ల బయటవడ్డది? లోపల ఇట్ల ఎట్ల కుళ్లిపోయింది?”

కమల దోసిట్లోని బియ్యం వైపే చూస్తోంది.

“అమ్మా, నువ్వొక్క మాటన్న మాట్లాడ్తలేవేంది?”

కమల సంగతి ఆ గల్లీలో అందరికీ తెలుసు. సుమంత్ బండి కాస్త ఆలస్యమైతే చాలు, ఆమె మనసు నారాయణగూడ చౌరస్తాలో అంబులెన్సు వెంట పరుగెత్తేది. సంజనకు తుమ్ము వస్తే రాత్రంతా నుదురు పట్టి చూసేది. అలాంటి మనిషి నిన్నటి నుంచి ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. పాపం, తల్లి మనసు మొద్దుబారిపోయింది అనుకున్నాడు బాలకిషన్.

మొద్దుబారలేదు. మింగలేక, కక్కలేక గొంతులో ముల్లు పడ్డట్టుంది ఆమెకు.

సంజన లేచింది. బల్ల మీది పుస్తకాలన్నీ ఒక దాని మీద ఒకటి పేర్చి, పాత చున్నీతో కట్ట కట్టడం మొదలుపెట్టింది. గ్రూప్స్ పరీక్ష కోసం రెండేళ్లుగా రాత్రింబగళ్లు చదివిన పుస్తకాలవి.

“ఏం చేస్తున్నవే?”

“అనూహ్యకు ఇచ్చేస్త. రీడింగ్ రూముల నా పక్క కుర్చీ దానిదే. దానికన్న పనికొస్తయి. ఇంక నాకెందుకు?”

ముడి బిగించడానికి ఆమె చున్నీ కొసను పళ్లతో లాగింది. ఆ లాగుడుకు కమల లోపల ఏదో తెగిపోయింది. దోసిట్లో బియ్యం నేల మీద చెల్లాచెదురయ్యాయి.

“కట్టకు బిడ్డా. నీకే రోగం లేదు. ఆ రక్తం నీది గాదు.”

హాల్లో తండ్రీకొడుకుల తగువు చటుక్కున ఆగింది.

“ఏందీ?” బాలకిషన్ గుమ్మంలోకి వచ్చాడు.

“సంజనది గాదు. మాసమ్మది.”

మాసమ్మ ఆ ఇంట్లో అంట్లు తోమి, బట్టలుతికే పిల్ల. సంజన కంటే ఒకటి రెండేళ్లు పెద్దదేమో. అశోక్‌నగర్ నాలా పక్క బస్తీలో అత్తతో, మొగుడితో ఉంటుంది.

“జర సమజయ్యేటట్టు చెప్పు కమలా. పిల్ల పేరు మీద పనామె రక్తమెందుకు పోయింది?”

“ఆ రోజు శుక్రవారం. అప్పుడే దీపం పెట్టిన. రక్తం తీసేటందుకు నర్సమ్మ వచ్చి కూసుంది. దీపం పెట్టినంక మన ఇంట్లకెళ్లి చిటికెడు ఉప్పు ఇస్తమా? పక్కింటామె పెరుగు తోడుకొస్తెనే రేపు రమ్మంట. అట్లాంటిది ఆడపిల్ల రక్తం, ఇంటి లక్ష్మి రక్తం, సీసలల్ల పోసి గడప ఎట్ల దాటిస్త? అండ్ల పరీక్షలు నెత్తి మీదున్నయి. పిల్ల నీరసపడితే?”

“రేపు రమ్మంటే అయిపోతుండె గద!”

“అన్న. మీ గల్లీకి ఇదే ఆఖరు, మళ్ల రామన్నది. సంజన రీడింగ్ రూమ్‌లకెళ్లి వస్తే ఉరికి చెయ్యి చాపుతది. మొదట్ల సంతకం పెట్టి, వేలికెళ్లి చుక్క రక్తం గూడ ఇచ్చింది గద, నా మాట వింటదా? మాసమ్మ అప్పుడే హాల్ ఊడుస్తున్నది. ఒంటి మీద సంజన పాత డ్రెస్సే ఉన్నది. కూసోమన్న. కూసుంది. నర్సమ్మ పేరడిగితే నవ్వుకుంట సంజన అన్నది.”

“ఆధార్ చూడలేదా?” సుమంత్ అడిగాడు.

“చూసింది. ఆధార్ మీది బొమ్మ ఎవ్వలికి పోలింది గనక?”

 బాలకిషన్ కుర్చీలో కూలబడి గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. కూతుర్ని దగ్గరికి లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టాడు.

“దేవుడున్నడు! నా బిడ్డకేం గాలేదు. కమలా, నిన్న చెప్పొద్దానే? పానం తీసినవ్ గదనే! పో, చాయ్ పెట్టు. అందరికీ పెట్టు.”

సుమంత్ సంచి జిప్పు తీసి చెల్లెలి బట్టలు ఒక్కొక్కటే బయటికి తీస్తున్నాడు. అతని మొహంలోనూ వెలుగొచ్చింది.

సంజన తండ్రి చేతిని మెల్లగా విడిపించుకుంది.

“డాడీ, మీరు నవ్వుతున్నరు.”

“నవ్వనా మరి? నా బిడ్డ బతికింది.”

“ఆ రోగం ఇప్పుడు ఎవరికున్నదో విన్నరా?”

బాలకిషన్ నవ్వు మొహం మీదే ఎండిపోయింది. సుమంత్ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

కమల వంగి నేల మీది బియ్యం గింజలు ఏరసాగింది. ఈ మధ్య మాసమ్మ మొహం గుండ్రంగా అయింది. బుగ్గలు నిండాయి. “మస్తు నిండుగ అయినవే, మీ ఆయన మంచిగ చూసుకుంటున్నట్టుంది,” అని తనే నవ్వింది. అది కండ కాదు, వాపు. నడుం నొప్పి అన్నప్పుడల్లా ఫ్రిజ్ మీది డబ్బాలోంచి నొప్పిగోళీ తీసిచ్చింది కూడా తనే. “ఏసుకో, ఉతికే బట్టలు మస్తున్నయి,” అంటూ.

“సరే,” అన్నాడు బాలకిషన్ గొంతు సవరించుకుని. “చూపిద్దాం. మనమే ఏదన్న దవాఖాన్ల చూపిద్దాం. కాదన్ననా? కానీ ఆ డాక్టరమ్మకు మాత్రం ఈ మాట చెప్పొద్దు. పిల్లకు మంచిగనే ఉన్నది, మీ మిషిన్ల ఏదో తప్పయింది అని చెప్తం. అయిపోయె.”

“ఎందుకు చెప్పొద్దు?”

“నువ్వు సర్కారు నౌకరీకి పరీక్ష రాస్తున్నవ్ బిడ్డా. సర్కారుకే దొంగ రక్తమిచ్చినోళ్లంటే ఊకుంటరా? ఒక్క ఆఫీసైతే ఎవర్నన్న పట్టుకొని బతిమాలుకుంట. నాలుగున్నయి!”

ఆ నాలుగు ఆఫీసుల మీద మొదట్లో హాస్యాలాడింది కూడా ఆయనే. వైద్యశాఖ, మహిళా శిశు సంక్షేమం, నగరపాలక సంస్థ, ఢిల్లీ నుంచి వచ్చిన పరిశోధన సంస్థ ఒక్కటై ఇంటింటికీ వస్తున్నాయంటే, “ఒక్క మోరీ కాలువ తవ్వాలంటే నాలుగుసార్లు రోడ్డు పగలగొట్టేటోళ్లు రక్తం పీల్చేటందుకు మాత్రం కలిసిన్రు,” అని సుల్తాన్ బజార్‌లో తన మ్యాచింగ్ సెంటర్‌కు వచ్చిన వాళ్లందర్నీ నవ్వించాడు.

“వాళ్లెందుకు కలిసిన్రో తెలుసా డాడీ?” అంది సంజన. “నాలాకు ఇవతల మనకు రాని రోగాలు అవతల బస్తీల ఎందుకొస్తున్నయి? మనకంటే ముందుగాల వాళ్లెందుకు చచ్చిపోతున్నరు? గాలా, నీళ్లా, తిండా, దవాఖాన దొరకకనా? ఇది ఒక్క ఆఫీసుతోటి తేలేది గాదని నలుగురు కలిసిన్రు. అవతలి రోగాన్ని తెచ్చి అమ్మ ఇవతల రాయిచ్చింది. రేపు రెండు దిక్కులా ఒక్కటే తీరుగున్నదని తేలితే, ఇంక ఆ బస్తీకి వేరే దవాఖాన ఎందుకంటరు.”

“ఒక్క మనిషితోటి అంత తేడా వస్తదా?”

“శుక్రవారం మన ఒక్క ఇంటికే వచ్చిందా?”



“అదంతా నాకు తెల్వదు,” అన్నాడు బాలకిషన్. “నాల్గొద్దులు ఆగుదాం. సల్లవడ్డంక ఆలోచిద్దాం.”

“ఆ బెడ్ నా పేరు మీదున్నది. మనం చెప్పకుంటే అది మాసమ్మకు ఎట్ల వస్తది? అయినా మాసమ్మ ఎక్కడుందసలు? సోమవారం నుంచి రాలేదు గద అమ్మా?”

రాలేదు. పని ఎగ్గొట్టిందని మంగళవారం దాకా తిట్టుకుంది కమల. నిన్న ఫోన్ వచ్చాక తిట్టడం మానేసి వణకడం మొదలుపెట్టింది.

చెప్పులు తొడుక్కుంటున్న కూతురి వెనకాలే ఆమె కూడా కొంగు దోపుకుని బయలుదేరింది.

“కమలా!” బాలకిషన్ అరవలేదు. మెల్లగా అన్నాడు. అరిచి ఉంటేనే బాగుండేది. “పోయి చూసిరా. వద్దనను. కానీ నోరు జారినవో, రేపు పిల్ల బతుకు ఆగమైతే ఆ పాపం నీదే.”

దారి పొడుగునా సంజన ముందు నడిచింది, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. లైబ్రరీ మెట్ల మీద, జిరాక్స్ షాపుల ముందు, చాయ్ బండ్ల చుట్టూ పరీక్షల పిల్లలే. ఎవరో “సంజనా, ఏంది ఇయ్యాల రాలే?” అని కేకేశారు. ఆ పిల్ల చెయ్యి ఊపి సాగిపోయింది.

నాలా దగ్గర సందు మలుపులో షామియానా గుడ్డ కనిపించేసరికి కమల మనసు మళ్లీ పరుగెత్తింది. మాసమ్మ పోయింది. పాడె కడుతున్నారు. ఇంక ఎవరికి ఏం చెప్పుకోవాలి? గబగబా దగ్గరికి వెళ్లింది. చూస్తే అది టెంట్‌హౌస్ వాడు ఉతికి ఆరేసుకున్న గుడ్డ.

గది ముందు మాసమ్మ అత్త బీరమ్మ గడప మీద కూర్చుని తోటకూర తెంపుతోంది. తలెత్తి చూసింది. లేవలేదు.

“వచ్చినవా అమ్మా? అంట్లు మస్తు జమైనయా?”

“అది గాదు బీరమ్మా. మాసమ్మ ఎట్లున్నది?”

“గట్లనే ఉన్నది. పెద్ద దవాఖానకు తోల్కపోయినం. లైన్ల నిలవడి నిలవడి సోయి తప్పి పడ్డది. గోళీలిచ్చి వచ్చే మంగళారం మళ్ల రమ్మన్నరు. మంగళారం దాక ఉంటదో లేదో వాళ్లకేమెరుక? నా కొడుకు పెద్దులు ఎన్నొద్దులని కూలి పోగొట్టుకుంటడు? పనికి పోయిండు.”

లోపల చీకటిగా, ఉక్కగా ఉంది. చాప మీద మాసమ్మ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. పడుకుంటే ఊపిరి ఆడడం లేదట. కళ్లు వాచి గీతల్లా అయ్యాయి. పాదాలు ఎవరివో పెట్టినట్టున్నాయి. కమలను చూడగానే లేవబోయింది.

“లేవకు, లేవకు,” అంటూ సంజన పక్కన కూర్చుంది.

“రేపు వస్త అమ్మా,” అంది మాసమ్మ ఆయాసపడుతూ. “ఇంకెవ్వర్ని పెట్టుకోకున్రి. జర తక్కువైతే రేపే వస్త.”

“పని సంగతి ఇడిసిపెట్టు,” అంది కమల. మాసమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మెత్తగా, నీళ్లు నిండిన సంచిలా ఉంది. “మీ బస్తీకి గూడ వచ్చిన్రు గద రక్తం తీసేటోళ్లు? నీ దగ్గరికి రాలేదా? నువ్వు ఇచ్చినవా?”

మాసమ్మ మొహంలో గర్వం లాంటిదేదో కదిలింది. అంత వాపులోనూ అది కనిపించింది.

“ఇయ్యలే అమ్మా. పేరు వెట్టి పిలిచిన్రు. వచ్చింది ఆ నర్సమ్మనే, మనింటికి వచ్చినామె. నన్ను చూస్తే గుర్తువట్టదా? మీరు దొరికిపోతరని ఇంట్లకు పోయి తలుపేసుకున్న. మా అత్త తిట్టింది గూడ. అందరు ఇస్తున్నరు, నీకేమొచ్చిందని. నేనెవ్వలికి చెప్పలే అమ్మా. మీరు చెప్పొద్దన్నరు గద.”

 సంజన తల వంచుకుంది. ఆ ఇంటి నుంచి సంజన సీసా, ఈ ఇంటి నుంచి మాసమ్మ సీసా వెళ్లి ఉంటే ఈ పిల్ల రోగం ఈ పిల్ల పేరు మీదే బయటపడేది. బండి ఈ సందులోకే వచ్చేది.

సంజన ఫోన్ మోగింది. డాక్టర్ సింధూర. సంజన తల్లికి కూడా వినిపించేలా స్పీకర్ నొక్కింది.

“సంజన గారూ, మీరెక్కడున్నారండీ? బండి మీ ఇంటి ముందుంది. మీ నాన్నగారేమో రిపోర్టు తప్పు, మా అమ్మాయికి ఏమీ లేదు, బెడ్ అక్కర్లేదు పొమ్మంటున్నారట. ఏమిటిది? ఆ బెడ్ కోసం ఎంతమంది ఎదురుచూస్తున్నారో తెలుసా మీకు?”

సంజన ఫోన్‌ను తల్లి ముందు పట్టుకుంది.

“నేను చెప్ప. నువ్వే చెప్పాలె.”

కమల కళ్ల ముందు అన్నీ ఒక్కసారే తిరిగాయి. గుమ్మం ముందు పోలీసులు. పరీక్ష హాలు బయట ఏడుస్తున్న కూతురు. వేలు చూపిస్తున్న మొగుడు. ఎప్పుడూ జరగనివే ముందు చూసే కళ్లవి. ఇవాళ మాత్రం జరుగుతున్నది ఎదుటే కూర్చుని ఊపిరి కోసం నోరు తెరుస్తోంది.

“నేను సంజన వాళ్ల అమ్మను మేడం,” అంది. “బెడ్ తీసెయ్యకున్రి. ఆ రక్తం మా పిల్లది గాదు, మా ఇంట్ల పనిచేసే మాసమ్మది. నేనే కూసోబెట్టిన. తప్పంతా నాదే. ఈ పిల్ల ఇక్కడనే, నాలా పక్క బస్తీల ఉన్నది. బండి ఇటు తోలున్రి, మీకు దండం పెడ్త.”



“మీ ఆయన ఒకటంటారు, మీరొకటంటారు,” అంది సింధూర. ఆవిడ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. “ఉత్త మీ మాట మీద ఒకరి బెడ్ ఇంకొకరికి ఎలా మార్చనండీ? ఆమె పక్కనే ఉందా? ఫోన్ ఇవ్వండి. రక్తం ఇచ్చింది తనేనని తన నోటితో చెబితే చాలు, బండి అటు తిప్పిస్తాను. మిగతావన్నీ తరవాత చూసుకుందాం.”

కమల ఫోన్‌ను మాసమ్మ మొహం దగ్గర పెట్టింది. “చెప్పు బిడ్డా. ఉన్నదున్నట్టు చెప్పు.”

గడప దగ్గర తోటకూర కాడలు కింద పడ్డాయి. బీరమ్మ లోపలికి వచ్చి నిలబడింది.

“ఏం చెప్పాలె? దొంగ పేరు చెప్పి సర్కారోళ్లను మోసం చేసిన్నని చెప్పాల్నా? పెద్దింటోళ్లు మీరు తప్పిచ్చుకుంటరు. పట్కపోతే దీన్ని పట్కపోతరు!”

“అట్ల ఎవ్వరు పట్కపోరు బీరమ్మా!” సంజన అరిచింది. “మాసమ్మా, ఆమె మాట వినకు. ఒక్క మాట. ఒక్క మాట చెప్పు.”

“అమ్మా మాసమ్మా, వింటున్నావా?” ఫోన్‌లో డాక్టర్ మెత్తగా పిలిచింది. “ఆ శుక్రవారం చిక్కడపల్లిలో రక్తం ఇచ్చింది నువ్వేనా?”

మాసమ్మ అత్త వైపు చూసింది. కమల వైపు చూసింది. ఆ గీతల్లాంటి కళ్లలో భయం తప్ప మరేమీ లేదు. కమలకు బాగా తెలిసిన భయం అది. రోజూ తన అద్దంలో కనిపించేదే.

“నేనియ్యలే మేడం,” అంది మాసమ్మ ఒక్కో మాటకూ ఊపిరి పీల్చుకుంటూ. “నేనాడ అంట్లు తోముత. అంతే. ఆ రక్తం నాది గాదు.”



“మరి ఎవరిదమ్మా?” అని అడిగింది డాక్టర్ సింధూర.